10²⁵: ఏఐ చట్టం, చిప్ ఆంక్షలు, సర్వర్ భద్రత ఒకే ముడి ఎలా అయ్యాయి

యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టంలో 51వ అధికరణం ఒక అంకె మీద నిలబడి ఉంది: 10²⁵. అంటే ఒకటి పక్కన 25 సున్నాలు. ఒక మోడల్ శిక్షణకు అయిన మొత్తం లెక్కలు ఈ గీత దాటాయంటే, ఆ మోడల్‌తో సమాజానికి పెద్ద ఎత్తున ముప్పు ఉండవచ్చని చట్టం ముందుగానే భావిస్తుంది. మోడల్ ఏం చేయగలదో చూడకుండా, దాని తయారీలో ఎన్ని కూడికలు, గుణకారాలు జరిగాయో ఎందుకు చూస్తున్నట్టు? సామర్థ్యాన్ని నమ్మకంగా కొలిచే పరీక్ష ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు కాబట్టి. లెక్కలు మాత్రం చిప్‌ల మీదే జరగాలి. చిప్ అనేది వస్తువు. దాన్ని లెక్కపెట్టవచ్చు, అమ్మకం ఆపవచ్చు, అది తాగే కరెంటును బట్టి ఎక్కడుందో పసిగట్టవచ్చు.

ఏఐ నియంత్రణ, సెమీకండక్టర్ ఎగుమతి ఆంక్షలు, సైబర్ భద్రత అంటూ వార్తల్లో విడివిడిగా వచ్చేవన్నీ ఈ ఒక్క చోట కలుస్తాయి. చట్టం అంకె పెడుతుంది. ఆ అంకెకు ఆధారం చిప్. ఆ చిప్ ఉన్న సర్వర్‌లోకి ఎవరైనా చొరబడి మోడల్‌ను ఎత్తుకుపోతే చట్టం పెట్టిన గీతకూ అర్థం ఉండదు, ఎగుమతి ఆంక్షకూ అర్థం ఉండదు. మొదటి రెంటి మీద ఎంతో చర్చ జరిగింది. అసలు బలహీనత మూడోదానిలో ఉంది.

అంకె వేసే పద్ధతి

ఇంజనీర్లు వాడే సూత్రం చిన్నదే: 6 × పారామీటర్ల సంఖ్య × టోకెన్ల సంఖ్య. పారామీటర్లంటే శిక్షణలో సవరించుకునే మోడల్ లోపలి సంఖ్యలు, టోకెన్లంటే అది చదివే మాటల ముక్కలు. ఒక టోకెన్ మోడల్ గుండా ముందుకు వెళ్లేటప్పుడు ప్రతి పారామీటర్ దగ్గర ఒక గుణకారం, ఒక కూడిక జరుగుతాయి. అవి రెండు. తప్పును వెనక్కి పంపి సవరించే దశలో ఇంకో నాలుగు. మొత్తం ఆరు.

మెటా 2024 జులైలో విడుదల చేసిన లామా 3.1లో అన్నిటికన్నా పెద్ద మోడల్‌ను తీసుకుందాం. పారామీటర్లు 40,500 కోట్లు, శిక్షణలో చదివిన టోకెన్లు సుమారు 15.6 లక్షల కోట్లు. గుణిస్తే 3.8 × 10²⁵ వస్తుంది. గీతకు దాదాపు నాలుగు రెట్లు. దీనికి మెటా 16,000కు పైగా ఎన్‌వీడియా హెచ్100 చిప్‌లు వాడింది.

హెచ్100 ఒకటి 16-బిట్ లెక్కలు సెకనుకు 989 లక్షల కోట్లు చేయగలదని స్పెసిఫికేషన్ చెబుతుంది. ఆచరణలో అందులో 40 శాతం దక్కితే అది బాగా నడుస్తున్న క్లస్టర్ (కలిసి పనిచేసే చిప్‌ల గుంపు) కిందే లెక్క. మిగతాది డేటా వచ్చేదాకా, పక్క చిప్ తన వంతు ముగించేదాకా ఆగడంలో పోతుంది. ఆ లెక్కన ఒక చిప్ రోజుకు చేసేవి 3.4 × 10¹⁹. అంటే 3,000 చిప్‌లు దొరికినవాళ్లు మూడు నెలలు దాటేసరికి 10²⁵ గీతను అందుకుంటారు. ఈ స్థాయి క్లస్టర్ ఇప్పుడు అరుదైనదేమీ కాదు.

ఇంతకన్నా ఇబ్బంది కిందివైపు ఉంది. 2024 డిసెంబరులో వచ్చిన చైనా మోడల్ డీప్‌సీక్ వీ3లో మొత్తం పారామీటర్లు 67,100 కోట్లు. కానీ ఒక్కో టోకెన్‌కు పనిచేసేవి 3,700 కోట్లే. మోడల్ లోపల నిపుణుల్లాంటి విభాగాలు ఎన్నో ఉంటాయి, టోకెన్‌ను బట్టి కొన్నే మేల్కొంటాయి. 14.8 లక్షల కోట్ల టోకెన్లతో సూత్రం వేస్తే 3.3 × 10²⁴ వస్తుంది. గీతలో మూడో వంతు! మెరుగైన మోడళ్ల సరసన నిలిచిన మోడల్, చట్టం వేసిన జల్లెడలోంచి సునాయాసంగా జారిపోయే పరిమాణంలో ఉంది. పెద్ద మోడల్ సమాధానాలతో చిన్న మోడల్‌కు నేర్పే డిస్టిలేషన్ పద్ధతినీ, శిక్షణ అయ్యాక జవాబు చెప్పేటప్పుడే ఎక్కువసేపు ఆలోచించే రీజనింగ్ మోడళ్లనూ కలుపుకుంటే, శిక్షణ లెక్కకూ అసలు సామర్థ్యానికీ మధ్య దూరం ఇంకా పెరుగుతుంది.

చట్టం రాసినవాళ్లకు ఇది తెలియక కాదు. గీత కింద ఉన్న మోడల్‌ను కూడా ముప్పు ఉన్నదిగా గుర్తించే అధికారం యూరోపియన్ కమిషన్‌కు ఉంది. గీత దాటిన సంస్థకు తన మోడల్ ప్రమాదకరం కాదని వాదించుకునే అవకాశమూ ఉంది. కాబట్టి 10²⁵ తీర్పు కాదు, ఎవరిని ముందు పిలిచి అడగాలో చెప్పే గుర్తు మాత్రమే. అలా చూస్తే ఆ అంకె సమంజసమైనదే. అదే ప్రమాదానికి కొలమానం అనుకుంటే మాత్రం పొరపాటు.

గీత దాటిన సంస్థ రెండు వారాల్లోగా కమిషన్‌కు తెలియజేయాలి. దాడి చేసేవాడిలా ఆలోచించి మోడల్‌ను పరీక్షించాలి, తీవ్రమైన సంఘటనలను నమోదు చేసి చెప్పాలి. మోడల్‌కే కాదు, అది నడిచే భౌతిక సదుపాయాలకు కూడా తగిన సైబర్ భద్రత కల్పించాలని 55వ అధికరణం అడుగుతుంది. ఈ బాధ్యతలు 2025 ఆగస్టు 2న మొదలయ్యాయి. వాటిని అమలు చేయించే అధికారాలకు చట్టం పెట్టిన తేదీ 2026 ఆగస్టు 2. 2025 ఆగస్టు 2 కంటే ముందే మార్కెట్‌లో ఉన్న మోడళ్లకు 2027 ఆగస్టు 2 దాకా గడువు. జరిమానా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 3 శాతం లేదా 1.5 కోట్ల యూరోలు, ఏది ఎక్కువైతే అది.

అమెరికాలో 2023 అక్టోబరు 30 నాటి అధ్యక్ష ఉత్తర్వు గీతను పది రెట్లు పైన, 10²⁶ దగ్గర గీసింది. 2025 జనవరి 20న ఆ ఉత్తర్వు రద్దయింది. అదే అంకె మళ్లీ కాలిఫోర్నియా రాష్ట్రం 2025 సెప్టెంబరులో చేసిన ఎస్‌బీ 53 చట్టంలో కనిపించింది.

చిప్‌ను కొలిచే తక్కెడ

మోడల్‌ను తయారయ్యాక పట్టుకోవడం కష్టం కాబట్టి అమెరికా చిప్ దగ్గరే ఆపాలని చూసింది. 2022 అక్టోబరు 7న వచ్చిన ఎగుమతి నిబంధనల్లో రెండు షరతులు కలిసి ఉండేవి. ఒకటి లెక్కల వేగం: సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలో తీసుకుని, ఒక్కో లెక్క ఎన్ని బిట్లదో దానితో గుణిస్తే 4,800 లేదా అంతకు మించి ఉండటం. రెండోది ఇతర చిప్‌లతో మాట్లాడే వేగం సెకనుకు 600 గిగాబైట్లు లేదా ఆపైన ఉండటం. ఎన్‌వీడియా ఏ100కు 312 × 16 = 4,992. అనుసంధాన వేగం సరిగ్గా 600. రెంటికీ దొరికిపోయింది.

కంపెనీ రెండో షరతును తప్పించుకునేలా అనుసంధానాన్ని 400కు తగ్గించి ఏ800 అని అమ్మింది. హెచ్100కు అలాగే హెచ్800 వచ్చింది. ముందు చెప్పుకున్న డీప్‌సీక్ వీ3 శిక్షణ పొందింది 2,048 హెచ్800 చిప్‌ల మీదే. 2023 అక్టోబరు 17న నిబంధన మార్చి అనుసంధాన షరతు తీసేశారు. దాని స్థానంలో వేగాన్ని చిప్ వైశాల్యంతో భాగించే సాంద్రత కొలత తెచ్చారు. పెద్ద చిప్‌ను చిన్న ముక్కలుగా అమ్మి పక్కపక్కన పేర్చే ఎత్తుకు అది అడ్డుకట్ట.

దానికి జవాబు హెచ్20. వేగం 148 × 16 = 2,368 మాత్రమే. హెచ్100 అయితే అదే కొలతలో 15,824. ఆరో వంతు కూడా లేని చిప్‌ను ఎవరు కొంటారనిపిస్తుంది. కానీ కొన్నారు, అదీ పెద్ద ఎత్తున. కారణం మెమరీ.

జవాబు రాసేటప్పుడు మోడల్ ఒక్కో టోకెన్‌కు పనిచేసే పారామీటర్లన్నిటినీ మెమరీలోంచి ఒకసారి చదవాలి. ప్రతి టోకెన్‌కూ అన్నీ పనిచేసే 7,000 కోట్ల పారామీటర్ల మోడల్‌ను 8 బిట్లలో పెడితే 70 గిగాబైట్లు. హెచ్20 మెమరీ సెకనుకు 4 టెరాబైట్లు అందిస్తుంది కాబట్టి ఒక వినియోగదారుడికి గరిష్ఠంగా సెకనుకు 57 టోకెన్లు. హెచ్100 మెమరీ వేగం 3.35 టెరాబైట్లు, అంటే 48. లెక్కల్లో ఆరు రెట్లు వెనకబడిన చిప్ ఈ పనిలో ముందుంది. వందల మంది ప్రశ్నలను ఒకే గుత్తిగా నడిపినప్పుడు, శిక్షణ ఇచ్చేటప్పుడు లెక్కల వేగం అడ్డొచ్చి హెచ్100 తేలిగ్గా గెలుస్తుంది. ఎక్కువసేపు ఆలోచించే మోడళ్లు వచ్చాక జవాబు రాసే పనే బరువైపోయింది. తక్కెడ వేసింది శిక్షణ బరువును, బజారులో గిరాకీ పెరిగింది మరో సరుకుకు.

అందుకే 2024 డిసెంబరులో అమెరికా నేరుగా ఏఐ చిప్ పక్కనే అమర్చే అతివేగ హెచ్‌బీఎం మెమరీ మీద ఆంక్ష పెట్టింది. దీన్ని తయారుచేసే పెద్ద కంపెనీలు మూడే: ఎస్‌కే హైనిక్స్, శామ్‌సంగ్, మైక్రాన్. 2025 ఏప్రిల్‌లో హెచ్20కి లైసెన్సు తప్పనిసరి చేశారు, జులైలో మళ్లీ దారి ఇచ్చారు, డిసెంబరులో అంతకన్నా శక్తిమంతమైన హెచ్200ను కూడా చైనాకు అమ్మనిస్తామని ప్రకటించారు. ఒకే ఏడాదిలో విధానం ఇన్ని మలుపులు తిరిగితే, చాలా ముందుగానే ఫ్యాక్టరీ సామర్థ్యం బుక్ చేసుకోవాల్సిన పరిశ్రమ దేన్నీ నమ్మి ప్రణాళిక వేసుకోలేదు.

చైనా తనే తయారుచేసుకుంటే? అక్కడ అడ్డు భౌతికశాస్త్రానిది. చిప్ మీద గీతలు ముద్రించే ఈయూవీ యంత్రాన్ని ప్రపంచంలో నెదర్లాండ్స్‌కు చెందిన ఏఎస్‌ఎంఎల్ ఒక్కటే తయారుచేస్తుంది. సెకనుకు 50,000 తగరపు బిందువులను లేజర్‌తో పేల్చి 13.5 నానోమీటర్ల కాంతిని పుట్టిస్తారు. ఆ యంత్రం చైనాకు వెళ్లలేదు. దాని ముందు తరం యంత్రాల కాంతి 193 నానోమీటర్లు. దానితోనే ఒకే పొరను పలుసార్లు ముద్రించి చైనా చిప్ కంపెనీ ఎస్‌ఎంఐసీ 7 నానోమీటర్ల తరగతి చిప్ చేసి చూపింది. 2023 ఆగస్టులో హువావే మేట్ 60 ప్రో ఫోన్‌లో అది బయటపడింది.

ఫోన్ చిప్ చిన్నది కాబట్టి ఆ పద్ధతి నెగ్గుకొచ్చింది. ఏఐ చిప్ సంగతి వేరు. హెచ్100 వైశాల్యం 814 చదరపు మిల్లీమీటర్లు. యంత్రం ఒక్క దెబ్బలో ముద్రించగల గరిష్ఠ పరిమాణం 26 × 33, అంటే 858. దాదాపు అంచు దాకా వెళ్లారన్నమాట. చదరపు సెంటీమీటరుకు సగటున 0.1 లోపం ఉందనుకుంటే, ఇంత పెద్ద చిప్‌లో ఏ లోపమూ లేనివి 44 శాతం వస్తాయి. లోపాలు 0.3కు పెరిగితే అవి 9 శాతానికి పడిపోతాయి. ముద్రణ సార్లు పెరిగిన కొద్దీ ఒక పొర మీద మరో పొర సరిగ్గా కూర్చోక లోపాలు పెరుగుతాయి. దీనికి పరిశ్రమ కనిపెట్టిన ఉపాయం మిగులు పెట్టుకోవడం. హెచ్100 సిలికాన్ మీద 144 కంప్యూట్ విభాగాలు గీస్తారు, సర్వర్లకు వెళ్లే ఎస్‌ఎక్స్‌ఎం రకంలో 132 మాత్రమే పనిచేయిస్తారు. లోపం ఉన్న విభాగాన్ని ఆపేసి చిప్‌ను దక్కించుకుంటారు.

చిప్ ఎక్కడుందో చిప్‌నే అడగడం

ఆంక్ష ఉన్నచోట దొంగరవాణా ఉంటుంది. అందుకని చిప్ తన ఉనికిని తానే రుజువు చేసుకోవాలనే ప్రతిపాదన వచ్చింది. 2025 మేలో అమెరికా సెనేట్‌లో చిప్ సెక్యూరిటీ బిల్లు పెట్టారు.

సాంకేతికంగా ఇది సాధ్యమే, పైగా ముచ్చటైన పద్ధతి. తెలిసిన చోట ఉన్న సర్వర్ ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. చిప్ తన లోపల దాచిన రహస్య కీతో దాని మీద సంతకం చేసి తిరిగి పంపుతుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. జవాబు 10 మిల్లీసెకన్లలో వస్తే చిప్ 1,000 కిలోమీటర్లకు మించిన దూరంలో ఉండే వీలే లేదు. వీపీఎన్ పెట్టి ఆలస్యాన్ని పెంచవచ్చు గానీ, కాంతి కన్నా ముందు జవాబు చేర్చలేరు. అయితే ఇది దేశాన్ని చెబుతుంది, భవనాన్ని చెప్పదు. నెట్‌వర్క్ నుంచి తెంచేసిన క్లస్టర్ అసలు జవాబే ఇవ్వదు. రహస్య కీ బయటికి పొక్కితే ఇంకెక్కడో ఉన్న కంప్యూటర్ చిప్ పేరిట సంతకం పెడుతుంది.

2025 జులై 31న చైనా సైబర్ నియంత్రణ సంస్థ హెచ్20లో దొడ్డిదారి ఉందేమోనని ఎన్‌వీడియాను పిలిచి వివరణ అడిగింది. తమ చిప్‌లలో అలాంటివేవీ లేవని కంపెనీ చెప్పింది. ఉనికి చెప్పడం, దూరం నుంచి చిప్‌ను ఆపేయగలగడం ఒకటి కావు. రెండోది పెడితే అది ఎప్పటికైనా దాడి చేసేవాడి చేతికి చిక్కుతుంది. 1990ల్లో అమెరికా ప్రభుత్వం ప్రతిపాదించిన, సంభాషణలను గుప్తీకరించే క్లిపర్ చిప్‌లో ప్రభుత్వానికని వదిలిన దారికి కాపలా 16 బిట్ల తనిఖీ సంఖ్య. 65,536 అవకాశాలు, అంతే. 1994లోనే దాన్ని దాటేసే మార్గం బయటపడింది.

దొంగకు కావలసింది చిప్ కాదు, ఫైల్

శిక్షణ అయ్యాక మిగిలేది వెయిట్స్ ఫైల్, అంటే మోడల్ నేర్చుకున్న పారామీటర్ల విలువలన్నీ ఉన్న ఫైల్. లామా 3.1 పెద్ద మోడల్ 16 బిట్లలో 810 గిగాబైట్లు. దాన్ని మెటానే బహిరంగంగా ఇచ్చింది. అంతే పరిమాణంలో ఉన్న రహస్య మోడల్‌ను ఊహించుకోండి. సెకనుకు ఒక గిగాబిట్ లైన్ మీద అది బయటికి వెళ్లడానికి పట్టేది 1 గంట 48 నిమిషాలు. వేల చిప్‌లతో నెలల తరబడి చేసిన పని, రెండు గంటల్లోపే!

ఆ లైన్‌ను బయటివైపు సెకనుకు 10 మెగాబిట్లకు బిగిస్తే అదే ఫైల్‌కు ఏడున్నర రోజులు పడుతుంది. మోడల్ ఇచ్చే జవాబులు అక్షరాలే కాబట్టి, వెయిట్స్ ఉన్న సర్వర్లకు నిజంగా అంతకన్నా ఎక్కువ అవసరం ఉండకపోవచ్చు. ఇక్కడ చాలామంది మరిచేది ఒకటుంది: దొంగ ఫైల్‌ను 4 బిట్లకు కుదించి తీసుకెళ్లవచ్చు. అప్పుడది 200 గిగాబైట్లే, రెండు రోజుల్లో దాటేస్తుంది. పరిమితిని ఎప్పుడూ కుదించిన పరిమాణం మీదే లెక్కకట్టాలి. అలారం మోగి మనిషి స్పందించడానికి పట్టే సమయం దానికన్నా తక్కువ ఉండాలి.

లోపలికి దారులు ఎక్కడున్నాయో గత రెండేళ్ల లోపాలే చెబుతున్నాయి. కంటైనర్లంటే ఒకే యంత్రం మీద ప్రోగ్రామ్‌లను విడివిడిగా నడిపే పెట్టెల్లాంటివి. వాటికి జీపీయూలను, అంటే హెచ్100 లాంటి చిప్‌లను అందించే ఎన్‌వీడియా కంటైనర్ టూల్‌కిట్‌లో 2025 జులైలో బయటపడ్డ సీవీఈ-2025-23266 అనే లోపం చూడండి. కంటైనర్ మొదలయ్యేటప్పుడు టూల్‌కిట్ ఒక చిన్న ప్రోగ్రామ్‌ను హోస్ట్ (అసలు యంత్రం) అధికారాలతో నడుపుతుంది. ఆ ప్రోగ్రామ్ కంటైనర్ ఇమేజ్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను (ప్రోగ్రామ్‌లకు ఇచ్చే సెట్టింగులను) కూడా తీసుకుంటోంది. ముందుగా ఏ లైబ్రరీని ఎక్కించాలో చెప్పే ఎల్‌డీ_ప్రీలోడ్ వేరియబుల్‌కు దాడి చేసేవాడు ఇమేజ్‌లో తన లైబ్రరీ పేరు ఇస్తే చాలు, అది రూట్ (పూర్తి) అధికారంతో హోస్ట్ మీద నడుస్తుంది. ఇమేజ్ తయారీ సూచనలు రాసే డాకర్ ఫైల్‌లో మూడు లైన్లు, అంతే. ఒకే యంత్రాన్ని పలువురికి అద్దెకిచ్చే క్లౌడ్‌లో దీని అర్థం పక్కవాడి మోడల్ కూడా అందుబాటులోకి రావడమే. 1.17.7 దాకా ఉన్న వెర్షన్లన్నీ ప్రమాదంలో ఉన్నాయి, 1.17.8లో సరిచేశారు. కంటైనర్‌ను భద్రతా గోడగా నమ్మకూడదని ఇది మళ్లీ రుజువు చేసింది. వేర్వేరు కస్టమర్ల మధ్య కనీసం వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌తో విడగొట్టిన వేరే కంప్యూటర్) గోడ ఉండాలి.

మోడల్ ఫైల్‌ను తెరవడమే ప్రమాదం కావచ్చు. పైథాన్ పికిల్ పద్ధతిలో దాచిన ఫైల్ లోడ్ అవుతూనే తన లోపలి కోడ్‌ను నడిపించగలదు. సేఫ్‌టెన్సర్స్ పద్ధతిలో సంఖ్యలు తప్ప కోడ్ ఉండదు. బయటి నుంచి తెచ్చుకునే మోడల్‌కు అదొక్కటే అనుమతించడం మంచిది. మోడళ్లను నడిపే పైటార్చ్ లైబ్రరీలో 2.6 నుంచి వెయిట్స్ మాత్రమే చదివే పద్ధతి డిఫాల్ట్ అయింది. అంతకుముందు వెర్షన్లలో ఆ రక్షణను ఆన్ చేసినా దాటే లోపం ఉంది కాబట్టి వెర్షన్ మార్చక తప్పదు.

చిప్‌లోనూ లోపం పుడుతుంది. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో చూపిన జీపీయూహ్యామర్ దాడిలో, మెమరీలో కొన్ని వరుసలను పదేపదే చదివి పక్క వరుసలోని ఒక బిట్‌ను తిప్పేశారు. ప్రయోగం చేసింది జీడీడీఆర్6 మెమరీ ఉన్న ఏ6000 కార్డు మీద. 16-బిట్ సంఖ్యలో ఘాతం చెప్పే బిట్లలో మొదటిది సున్నా నుంచి ఒకటికి మారితే విలువ 65,536 రెట్లవుతుంది. 0.1 ఉండాల్సిన చోట 6,553 వచ్చి కూర్చుంటుంది. ఆ ఒక్క బిట్‌తో మోడల్ కచ్చితత్వం 80 శాతం నుంచి 0.1 శాతానికి పడిపోయింది. విరుగుడు, మెమరీలో తిరగబడ్డ బిట్లను పసిగట్టి సరిచేసే ఈసీసీ ఆన్ చేయడం. దానివల్ల మెమరీ 6.25 శాతం, అంటే 48 గిగాబైట్లలో 3 తగ్గుతుంది, వేగం గరిష్ఠంగా 10 శాతం మందగిస్తుంది. ఆ నష్టం భరించదగ్గదే. హెచ్100లోని హెచ్‌బీఎం3కి చిప్‌లోనే ఈసీసీ ఉంది.

అన్నిటికన్నా కలవరపెట్టేది బీఎంసీ. సర్వర్ బోర్డు మీద ఉండే ఈ చిన్న కంప్యూటర్, సర్వర్ ఆపి ఉన్నా నడుస్తూనే ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ కింద ఉంటుంది కాబట్టి యాంటీవైరస్‌కు కనిపించదు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ అయిన ఏఎంఐ మెగారాక్ ఫర్మ్‌వేర్‌లోని సీవీఈ-2024-54085 లోపంతో పాస్‌వర్డ్ లేకుండానే దాని పూర్తి అధికారం చేతికొస్తుంది. తీవ్రత 10కి 10. దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలోకి అమెరికా సైబర్ భద్రత సంస్థ సీసా 2025 జూన్‌లో దీన్ని చేర్చింది. మోడల్ వెయిట్స్ ఉన్న గదిలో ముందుగా తేల్చుకోవాల్సింది బీఎంసీ పోర్టులు ఏ నెట్‌వర్క్‌కు కలిసి ఉన్నాయన్నదే. వాటికి వేరే నెట్‌వర్క్ ఉండాలి. దానికి ఇంటర్నెట్ నుంచి గానీ, కస్టమర్ల కంటైనర్ల నుంచి గానీ దారి ఉండకూడదు.

ఫర్మ్‌వేర్ మార్చాలంటే సర్వర్‌ను కాసేపు పనిలోంచి తప్పించాలి. శిక్షణ మధ్యలో ఉన్న క్లస్టర్‌లో ఒక్క సర్వర్ ఆగినా మిగతావన్నీ ఆగుతాయి. అందుకే ఈ అప్‌డేట్లు వారాలకు వారాలు వాయిదా పడుతుంటాయి. చేయదగ్గ పద్ధతి ఉంది: కొన్ని సర్వర్లను మొదటి నుంచీ అదనంగా ఉంచుకోవాలి. చెక్‌పాయింట్ (శిక్షణ అప్పటిదాకా చేరిన స్థితి) సేవ్ అయిన వెంటనే ఒక గుంపును పక్కకు తీసి వాటి స్థానంలో అదనపు సర్వర్లను పెట్టాలి. తీసినవాటికి ఫర్మ్‌వేర్ ఎక్కించి, దాని సంతకం సరిచూసి, తర్వాతి చెక్‌పాయింట్ దగ్గర తిరిగి చేర్చాలి. యూరప్ సైబర్ రెసిలియెన్స్ చట్టం కింద 2026 సెప్టెంబరు 11 నుంచి, దాడిలో వాడుతున్న లోపం తెలిసిన 24 గంటల్లో తయారీదారు తొలి హెచ్చరిక పంపాలి, 72 గంటల్లో వివరాలు ఇవ్వాలి. పరిష్కారం అందుబాటులోకి వచ్చాక 14 రోజుల్లో తుది నివేదిక ఇవ్వాలి. తయారీదారు అంత వేగంగా ప్యాచ్ ఇచ్చినా, దాన్ని ఎక్కించడానికి పక్కన పెట్టిన సర్వర్లు లేని క్లస్టర్‌లో ఆ ప్యాచ్ తర్వాతి శిక్షణ ముగిసేదాకా ఎదురుచూస్తూనే ఉంటుంది.